కాలు తగిలే దాక

వికారాబాద్ దగ్గర, సెంటర్ నుంచి
జులై, బోనాల వారం

అక్కా,

“ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్త” అని మొదలుపెట్టమని కావ్య మేడం చెప్పింది. ఇక్కడ మాతోని మాట్లాడి ధైర్యం చెప్పే మేడం ఆమె. నేను క్షేమంగ లేను, గట్ల రాయను. అనంతగిరి గుట్టల కాడ జర గాలి మార్చుకొని వద్దామని చెప్పి, నువ్వూ బావా నన్ను కారెక్కించుకొచ్చి ఈ తాగుడు మాన్పించే సెంటర్ల పడేసి పోయిన్రు. గేటుకు తాళం పడేదాక నాకు సమజ్ కాలే. సొంత అక్కవేనా నువ్వు?

నాలుగు నెలల దాక ఫోన్ ముట్టనియ్యరంట. ఎవ్వరినీ కలవనియ్యరంట. ఉత్తరమొక్కటే రాసుకోవచ్చు, అది గూడ మేడం చదివినంకనే పోతది. మేడం, మీరు చదువుతున్నరు గద, నేను తాగుబోతును కాదు. డ్యూటీ దిగినంక నలుగురితోని కూసొని తాగేటోన్ని. నాచారంల గట్ల తాగనోడు ఎవడో చూపించున్రి.

అక్కా, నాకు ఫికర్ ఒక్కటే, డిసెంబర్ల టోర్నమెంటు. కోచ్ ఉమామహేశ్వర్ సార్ నా జాగల దుర్గేష్ గానితోని కిక్ కొట్టిపిస్తడు. వాని కాలుకు బలం ఉంది గని బుద్ధి లేదు, బాల్ ఒకసారి మౌలాలి దిక్కు పోతది, ఒకసారి నాగోల్ దిక్కు పోతది. నాగేందర్ వస్తడు, జాగ ఖాళీ ఉంచున్రి అని నువ్వు సార్‌కు చెప్పు. ఇంకోటి. నువ్వు కూసొని వానికి బాల్ నిలబెట్టి పట్టకు. నా కాలుకు తప్ప ఎవ్వని కాలుకూ నువ్వు బాల్ పట్టొద్దు. నా మీద ఒట్టు వెయ్యి.

నా పక్క మంచం పోశయ్య అనే పెద్దాయనది. ఏం ఆట ఆడుతవు బిడ్డా అని అడిగిండు. అమెరికన్ ఫుట్‌బాల్ అన్న. అమెరికా పోయొచ్చినవా అన్నడు. లేదు, ఘట్‌కేసర్ దాటి పోలే అన్న. పొద్దంత నవ్విండు.

నాగేందర్

---

నాచారం
జులై ఆఖరు

తమ్మీ,

సొంత అక్కవేనా అని అడిగినవు. సొంత అక్కను గాబట్టే పడేసిన. పరాయిదాన్నయితే నాకేం పట్టె, డిపో గోడ కాడనే పడి ఉండనిచ్చేదాన్ని.

నువ్వు మర్చిపోయినట్టున్నవు, నేను యాది చేస్త. మార్చిల మల్లాపూరోళ్లతోని మ్యాచ్. ఆఖరి కిక్. చిన్నపోరలు గూడ కొట్టే దూరం. మనోడు ఎన్కకు ఇసిరిన బాల్ అందుకొని, కుట్లు ముందుకు తిప్పి, నేల మీద నిలబెట్టి, పైన ఏలు పెట్టి కూసున్న. ముందు వాసన వచ్చింది, తర్వాత నీ కాలు వచ్చింది. బాల్‌ను ఇడిసిపెట్టి నేలను తన్ని బోర్ల పడ్డవు. టీమంత నిన్ను లేపుతుంటె, బాల్ సక్కగ పట్టలేదని నన్ను తిట్టినవు. ఆడలేనోడు మద్దెల ఓడన్నట్టు. తర్వాత నిన్ను ఫ్యాక్టరీల పనికెల్లి తీసేసిన్రు. ఉప్పల్ డిపో గోడ పక్కన పడుంటె మీ బావ బండి మీద కూసోబెట్టుకొని, చున్నీతోని తన నడుముకు కట్టుకొని తెచ్చిండు. నలుగురితోని కూసొని తాగేటోన్ని అంటవు. ఆ నాడు ఆ నలుగురు ఏడ పోయిన్రు?

సార్‌కు చెప్పిన. “నాలుగు నెలలు పూర్తిజేసి వస్తే జాగ వానిదే. నడుమల గోడ దుంకి వస్తే గ్రౌండు మొకం చూడొద్దు” అన్నడు. ఇంటి సంగతిల మీ బావ మాట గూడ గదే. నేను ఇద్దరికీ ఎదురు చెప్పలే.

ఇగ పని చెప్త ఇను. బాల్ లేదని ఏడ్వకు, కిక్కు బాల్ లేకుండనే నేర్చుకోవాలె. పొద్దుగాల లేచి గోడ పట్టుకొని నిలబడు. ఎడమ పాదం నేల మీద పెట్టు. దాని బొటనేలు ఎటు చూస్తే బాల్ అటు పోతది, గాబట్టి గేటు దిక్కు చూడనియ్యకు, ఏ నీళ్ల ట్యాంకు దిక్కో పెట్టు. కుడి పాదం వంగకుండ గట్టిగ బిగబట్టి, ఏళ్లు కిందికి పెట్టి, ఒక్క అడుగు గూడ ఎయ్యకుండ ఉత్తగ కాలు ఊపు. వారం గదే పని. తర్వాత ఒక్క అడుగేసి ఊపు. అది కుదిరినంకనే పూరా అడుగులు, ఎన్కకు మూడు, పక్కకు రెండు. తొందరపడి ముందే పూరా అడుగులకు పోకు, నీ సంగతి నాకు ఎర్కనే.

తల మాత్రం లేపకు. నీ అసలు బీమారి గదే. బాల్‌కు కాలు తగలకముందే అది ఎంత దూరం పోతదో చూడాలని నీ తల లేస్తది. తల లేస్తే ఛాతి లేస్తది, ఛాతి లేస్తే కాలు జారుతది. చూసి చెప్పే పని నాది, నువ్వు నేలను చూడు.

నా పని నాకొచ్చు. కాలు తగిలే దాక ఏలు తియ్యొద్దు. బాల్ పట్టేటోళ్లకు అది తప్ప ఇంకో చదువు లేదు. నీ బూటు నా గోరును ఎన్నిసార్లు గీరుకుంట పోయింది, ఒక్కసారన్న ఏలు తీసిన్నా?

దుర్గేష్‌కు పట్టను. ఒట్టు.

అక్క ప్రవీణ

---

సెంటర్
ఆగస్టు

అక్కా,

పోయిన ఉత్తరంల నేను రాసినవి మేడం యాది పెట్టుకొని నాకే మళ్ల ఇనిపించింది. సిగ్గయ్యింది. నేను తాగుబోతునే. ఇక్కడ గట్ల నోటితోని చెప్పిపిస్తరు, మొదట్ల తిట్టినట్టు ఉండె, ఇప్పుడు పేరు చెప్పుకున్నట్టే ఉన్నది.

మొదటి రెండు వారాలు చేతులు ఒకటే వణుకుడు. అన్నం కలుపుకోనీకి రాలే, పోశయ్య ముద్దలు చేసి పెట్టిండు. ఇప్పుడు నిద్ర పడుతున్నది. నువ్వు చెప్పినట్టే గోడ పట్టుకొని కాలు ఊపుతున్న. నన్ను చూసి ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డరు. అందరం గోడ పొంటి నిలబడి గాలిని తన్నుకుంట ఉంటె, వాచ్‌మన్ వచ్చి ఇది ఏం యోగా అని అడిగిండు. ఒక్క అడుగు దాక వచ్చిన. తొందరపడలే.

ఒక రోజు పోశయ్య, నేను పడతా బిడ్డా అని నీళ్ల సీసా నిలబెట్టి దాని మూత మీద ఏలు పెట్టిండు. నా కాలు ఇంకా లేవకముందే చెయ్యి గుంజుకున్నడు. ఎందుకు పెద్దయ్యా అంటె, కాలు వస్తుంటె చెయ్యి ఎవడు పెడ్తడు బిడ్డా, నాకేం పిచ్చా అన్నడు. అప్పుడు నువ్వు యాదికొచ్చినవు.

ఆరేండ్ల కింద నాకు టిఫిన్ డబ్బా ఇయ్యనీకి గ్రౌండుకు వచ్చినవు. అప్పటి దాక బాల్ పట్టేటోడు ఏలు వాచిందని పారిపోయిండు. ఎవరన్న పట్టున్రి అని సార్ అంటె ఒక్క మగోడు ముందుకు రాలే. నువ్వు డబ్బా కింద పెట్టి, కొంగు నడుముల దోపి వచ్చి కూసున్నవు. నాకు తలవంపులైంది అక్కా ఆ దినం, ఇప్పుడు చెప్తున్న. తర్వాత మొదటి మ్యాచ్‌ల జడను హెల్మెట్‌ల దోపుకొని నువ్వు వస్తుంటె, ఆడామె ఎట్ల ఆడుతదని అవతలోళ్లు లొల్లి చేసిన్రు. రూల్ బుక్కుల ఏడ రాసున్నదో చూపించున్రి అని సార్ ఎదురు తిరిగిండు. ఉప్పల్ స్టేడియంల క్రికెట్టుకు జనం ఇరగబడతరు, మన ఆటకు కుక్కలు గూడ రావు అని నేను ఏడుస్తుంటె, రాకుంటె మాయె, నువ్వు నేను ఉన్నం గద అన్నవు.

నవంబర్ల వస్త. నువ్వు పట్టు, నేను కొడత. నాకు ఇంకేం అక్కర్లేదు. మానస బడికి మంచిగ పోతున్నదా? మామ అడిగిండని చెప్పు.

నాగేందర్

---

నాచారం
సెప్టెంబర్

చిరంజీవి తమ్ముడు నాగేందర్‌కు,

ఇక్కడ అందరం క్షేమం. మీ బావ, మానస మంచిగున్నరు. పండుగల ముందు మా ఫ్యాక్టరీ షెడ్డుల పని ఎక్కువున్నది, అందుకే ఉత్తరం లేటయ్యింది. గ్రౌండుకు పోతలేను.

నువ్వు కాలు ఊపుడు ఆపకు. ఇంకో మాట. ప్రాక్టీసుకు ఇనుప స్టాండు దొరుకుతది, బాల్‌ను దాని మీద నిలబెట్టి కొట్టొచ్చు. వచ్చినంక కొన్ని దినాలు దాంతోని కొట్టు. మ్యాచుకు ఎట్లాగు మనిషే పట్టాలె. ఒక్క మనిషికే అలవాటు పడుడు మంచిది కాదు, ఎవరు పట్టినా కొట్టేటట్టు ఉండాలె. సార్ గూడ అన్నడు.

మంచిగ తిను.

ప్రవీణ

---

సెంటర్
అక్టోబర్, బతుకమ్మ దినాలు

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. నువ్వు ఎన్నడన్న “చిరంజీవి” అని రాసినవా? “అందరం క్షేమం” అని రాసినవా? ఏదో దాస్తున్నవని మొదటి లైనుకే తెలిసింది. ఏం దాస్తున్నవో మొన్న తెలిసింది.

హబ్సిగూడకెల్లి ఒక కొత్త పిలగాడు వచ్చి చేరిండు. నాచారం గ్రౌండు కాడికెల్లి రోజు పోతుండెనంట. మీ దుర్గేష్ మస్తు కొడుతున్నడు అన్నా, ఎవరో ఆమె గూడ వచ్చి బాల్ పట్టింది, నిలబడి చూసిన అన్నడు. జడ ఉన్నదా అని అడిగిన. ఉన్నది అన్నడు.

ఒట్టు వేసినవు గద. నా మీద ఒట్టు. నేను ఇక్కడ గాలిని తన్నుకుంట, వణుకుకుంట, నీ ఒక్క మాట పట్టుకొని దినాలు ఎల్లదీస్తుంటె, నువ్వు అక్కడ వాని కాలు కింద ఏలు పెడ్తున్నవు. స్టాండు మీద కొట్టుకో అని నాకు చదువు చెప్తున్నవు. ఎవరు పట్టినా కొట్టాలెనంట. అంటే నన్ను వద్దనుకున్నవు. తాగుబోతు తమ్ముడు పోతే పోనియ్, బలమైన కాలు దొరికింది అనుకున్నవు. వానికి ఏలు పెట్టిన ఆ చెయ్యి ఇరగ. నీ చెయ్యి ఇరగ అక్కా.

నేను నవంబర్ల వచ్చినా నీ ఇంటికి రాను.

నాగేందర్

(మేడం ఇది పంపద్దని అన్నది. పంపుమని నేనే మొండికేసిన.)

---

నాచారం
అక్టోబర్, దసరా పోయినంక

తమ్మీ,

నీ ఉత్తరం మీ బావ చదివి లేచి బయటకు పోయిండు. నేను చదివితే ముందు నవ్వొచ్చింది, నిజంగ. నవ్వు ఎట్ల ఆపాల్నో తెల్వలే. ఆఖరికి ఏడుపయ్యింది.

నువ్వు అనకముందే అయిపోయింది. అది ముందు మనసుల పెట్టుకో. నీ మాట తగిలి అయ్యింది కాదు. ఆ ఆలోచన నీ నెత్తిల దూరిందంటె ఎల్లదు, అందుకే మొదలే రాస్తున్న.

ఇది నీకు చెప్తనని కావ్య మేడంకు ఫోన్ చేసిన. ఇంకో నెల ఆగమన్నది. నాలుగు నెలలు గడిచే దాక ఇంటి కష్టాలు చెప్పొద్దు, చెప్తే మళ్ల తాగుతరు అని వాళ్ల రూలు. నేను గూడ గదే అనుకొని మొన్న ఆ అబద్ధాల ఉత్తరం రాసిన. ఇగ నాతోని కాదు. నువ్వు నన్ను అట్ల అనుకుంట కూసునుడు నేను ఓర్సుకోలేను.

వినాయకుని నిమజ్జనం అయిన తెల్లారి డ్యూటీకి పోయిన. మా షెడ్డుల స్విచ్ బాక్సుల రేకు కోసే ప్రెస్సు నీకు ఎర్కనే. దానికి రెండు బటన్లు ఉంటయి. రెండు చేతులతోని రెండూ ఒక్కసారి ఒత్తితేనే ప్రెస్సు దిగుతది, చెయ్యి కింద పడొద్దని గట్ల పెట్టిన్రు. పని జల్ది కావాలని మా సూపర్‌వైజర్ ఒక బటన్‌ను ఒత్తి టేపు చుట్టిపిచ్చిండు. అన్ని ప్రెస్సులకూ గట్లనే. కుడి చేత్తోని బటను, ఎడమ చేత్తోని రేకు. నాలుగేండ్లకెల్లి గట్లనే చేస్తున్నం, ఎవ్వలం ఏమనలే.

ఆ దినం బటన్ ఒత్తినంక రేకు జరిగింది. జారి పడబోతుంటె ఎడమ చేతి ఏలు పెట్టి ఆపిన. పైకెల్లి దిగుతున్నది కనబడుతనే ఉన్నది తమ్మీ. ఎవరైనా చెయ్యి గుంజుకుంటరు. పక్క ప్రెస్సు మీద వెంకటనర్సమ్మ అయితే గుంజుకునేది, మీ పోశయ్య అయితే గుంజుకునేటోడు. నా చెయ్యికి గుంజుకునుడు రాదు. ఏదన్న మీదికి వస్తుంటె కదలకుండ నిలబడుడే దానికి వచ్చు. ఆరేండ్లు నేనే కూసొని దానికి నేర్పిన.

చూపుడేలు పూరా పోయింది. నడిమేలు సగం పోయింది. పెద్ద దవాఖానల కుట్లేసిన్రు, ఖర్చు ఓనరే పెట్టుకున్నడు. ఇప్పుడు అన్ని బటన్ల టేపులు పీకేసిన్రంట.

నా మీద జాలి పడేటోళ్లకు తక్కువ లేదు. కుడి చెయ్యి మిగిలింది గద, అదృష్టవంతురాలివి అంటరు. మానసను ఎత్తుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, సంతకం పెట్టొచ్చు అంటరు. నిజమే, అన్నీ చేస్తున్న. బతుకమ్మ గూడ పేర్చిన, పూలు కుదురుగ నిలబడకుంటె మానస పట్టుకున్నది. ఎవరన్న వస్తే ఆ చెయ్యిని కొంగు కింద పెట్టుకుంటున్న. ఎందుకో నాకే తెల్వది, నేనేం దొంగతనం చెయ్యలే.

ఇగ నీ హబ్సిగూడ పిలగాడు చూసిన సంగతి. కట్టు ఇప్పినంక ఒకనాడు గ్రౌండుకు పోయిన. చూపుడేలు లేకుంటె ఉంగరపేలు లేదా, పట్టొచ్చు గద అని మనసు ఒకటే గుంజింది. నీ కాలు లేదు, దుర్గేష్ ఉన్నడు. ఒట్టు తప్పిన. బాల్ నిలబెట్టి, ఉంగరపేలు పైన పెట్టి, కొట్టు అన్న. వాడు ఉరికొచ్చిండు. వాని కాలు లేస్తుంటె నా చెయ్యి దానంతట అదే ఎన్కకు వచ్చింది. బాల్ పడిపోయింది. దుర్గేష్ మంచోడు, నాదే తప్పు అక్కా, అడుగు తప్పిన అన్నడు. మళ్ల పెట్టిన. మళ్ల వచ్చింది. ఎడమ చెయ్యిని గట్టిగ నేలకు ఒత్తి పట్టుకున్నా గూడ, ఆ బూటు లేచిందంటె నాకు ప్రెస్సు చప్పుడు ఇనబడుతున్నది. ఎంతసేపు ప్రయత్నం చేసిన్నో. ఆఖరికి సార్ వచ్చి బాల్ తీసుకొని, ఇంటికి పో బిడ్డా అన్నడు.

ఆట నీదని అందరు అంటరు. నువ్వు గూడ అంటవు, “నా కాలు, నా జాగ” అని. అది నాది గూడ తమ్మీ. ప్రెస్సు కాడ, పొయ్యి కాడ నేను పొద్దంత ఏం చేస్తున్ననో ఒక్కడు చూడడు. ఆదివారం ఆ గ్రౌండుల పదకొండు మంది మగోళ్లు మీదికి ఉరికొస్తుంటె నేను కదలకుండ కూసునేదాన్ని. నా బతుకుల నాదని చెప్పుకోనీకి ఆ కూసునుడొక్కటే ఉండె. ఇప్పుడు ఏది మీదికొచ్చినా నాకు బుగులు పడుతున్నది. ఏలు పోయినందుకు గాదు, నేను బుగులు పడే మనిషిని అయినందుకు ఎక్కువ ఏడుపొస్తున్నది.

ఇంకో నెల ఉన్నది నీకు. గోడ దుంకకు. తాగకు. ఎందుకు చెప్పిన్నా అని నేను తల కొట్టుకునే గతి నాకు పట్టియ్యకు.

అక్క

---

సెంటర్
నవంబర్

అక్కా,

నీ ఉత్తరం ఆపనీకి మనసు రాక, మేడం నన్ను తన రూముల కూసోబెట్టుకొని ఇచ్చింది. నేను చదువుతున్నంతసేపు ఎదురుంగనే కూసున్నది. నేను నీళ్లు తాగిన. మంచిగనే ఉన్న మేడం అన్న. నమ్మింది.

తెల్లారి పాల వ్యాన్ వచ్చినప్పుడు గేటు తెరిస్తె బయటకు నడిచిన. నీ కాడికి రావాల్ననే బయలెల్లిన, అది మాత్రం నమ్ము. రోడ్డు ఎక్కిన. బస్సు కోసం నిలబడ్డ కాడ కిరాణం దుకాణం ఎన్క బెల్టు షాపు ఉన్నది. జేబుల ఏం లేదు. ముగ్గురు కూసొని తాగుతున్నరు. ఏమైంది తమ్మీ, మొకం గట్లున్నది అని అడిగిన్రు. మా అక్క ఏళ్లు పోయినయి అని చెప్పిన. పాపం అని ఒక గ్లాసు పోసిన్రు. తాగిన. నేను తిట్టిన తిట్టు గూడ చెప్పిన. ఇంకో గ్లాసు పోసిన్రు. నీ చెయ్యి గురించి చెప్పుకుంట చెప్పుకుంట, వాళ్లు పోసినంత తాగిన అక్కా. పగలే అయిపోయింది ఇదంత. మేడం పంపితే పోశయ్య, వాచ్‌మన్ వచ్చి తోలుకపోయిన్రు.

దాచిపెడ్దమనుకున్న. మేడం నువ్వే రాయాలె అన్నది. ఎవరి ఏళ్లు పెట్టి ఎవడు తాగిండు అని రాత్రింబవళ్లు అదే తిరుగుతున్నది నెత్తిల. నేను ఇంత నీచుడనని నాకే తెల్వదు.

నాలుగు నెలలు మళ్ల మొదటికెల్లి. డిసెంబర్ టోర్నమెంటు పోయింది. సార్‌కు నేనే రాసిన, దుర్గేష్‌ను పెట్టుకోమని. వానితోని నాకు ఏ కోపం లేదు.

నాకొకటి అనిపించింది, కాదనకు. నేను వచ్చినంక నువ్వు మళ్ల బాల్ పట్టు. నువ్వు నాకు నేర్పినట్టే నేను నీకు నేర్పుత. మొదలు నేను కదలకుండ ఉత్తగ నిలబడత, నువ్వు ఏలు పెట్టుకొని కూసో. వారం గదే పని. తర్వాత ఒక్క అడుగేసి, కాలు ఎత్తకుండ ఆగుత. తర్వాత మెల్లగ. ఏండ్లు పట్టనియ్. నీ బుగులు పోతది. నేను పోగొడ్త.

మొదట అడగాల్సింది ఆఖరుకు అడుగుతున్న. నొప్పి ఉన్నదా అక్కా?

నాగేందర్

---

నాచారం
డిసెంబర్

తమ్మీ,

ఉన్నది. సలికాలం గద. లేని ఏలు నొస్తది, అది ఒక గమ్మతి. పొద్దుగాల లేవంగనే ఆ ఏలు గోరు కింద సూది పెట్టినట్టు గుంజుతది, చూస్తే అక్కడ ఏం ఉండది. డాక్టర్‌కు చెప్తే గట్లనే ఉంటదమ్మా, మెల్లగ తగ్గుతది అన్నడు. నొప్పి ఉన్నదా అని డాక్టర్ తర్వాత అడిగింది నువ్వే.

నీ ఉత్తరం చదివి రెండు వారాలు జవాబు రాయలే. రాయబుద్ధి కాలే. నిన్ను తిట్టాల్నని తిట్లన్నీ ఏరి పెట్టుకున్న, తర్వాత ఆ తిట్లు గూడ సప్పగైనయి. నీకు చెప్పకపోతే బాగుండునని మీ బావ అంటడు. మేడం ఫోన్‌ల నోరు తెరిచి అనలే గని ఆమె గూడ గదే అనుకుంటున్నది. నేను అనుకుంటలేను. చెప్పినందుకు నాకు బాధ లేదు. నువ్వు తాగినందుకు ఉన్నది. రెండూ ఒకటి కాదు, కలపకు.

టోర్నమెంటు అయిపోయింది. దుర్గేష్ మంచిగనే కొట్టిండు. వానికి బసవరాజు అనే పిలగాడు బాల్ పట్టిండు. రెండో మ్యాచ్‌ల మనోళ్లు ఓడిపోయిన్రు, కిక్కు వల్ల కాదు, ఉరకలేక. నేను పోయిన. గ్రౌండు గీత బయట కుర్చీల కూసున్న. బసవరాజు ఏలు పెడుతుంటె లేచి అవతలికి పోయిన, చూడలేకపోయిన.

నువ్వు నేర్పుత అన్నవు. వద్దు తమ్మీ. నీ మనసు నాకు తెలిసింది, సంతోషం. గని నేను మళ్ల బాల్ పట్టను. రిపేరుకు పంపే మిషన్ను కాదు నేను. అందరూ వచ్చి నన్ను బాగు చేద్దమనే చూస్తున్నరు. ఒకరు నూనె తెస్తరు. ఒకరు తాయెత్తు తెస్తరు. దాని బదులు ఇది చేసుకో, అది నేర్చుకో అంటరు. మీ బావ పాపం నవ్వియ్యాలని చూస్తడు. అందరు మంచోళ్లే. పోయిందని ఒక్కరు గూడ ఒప్పుకుంటలేరు. పోయింది నాగీ. నా ఆట పోయింది. మన ఇద్దరి ఆట పోయింది, ఇగ రాదు.

నాకు నువ్వు నేర్పేది ఏం లేదు. నువ్వు వచ్చినంక స్టాండు మీద కొట్టు, బసవరాజు పడితే వానితోని కొట్టు, నాకు ఏ కోపం లేదు. కొట్టకుంటె మానుకో. అది నీ ఇష్టం.

నాకు ఒక్కటే కావాలె. ఆ బెల్టు షాపు కాడ ఎవలో తెల్వని ముగ్గురి ముందట నా చెయ్యికి నువ్వు ఎంత ఏడ్చినవో, ఆ ఏడుపు నాది. నా కాడ ఏడ్వాల్సింది తీసుకపోయి వాళ్ల కాడ ఏడ్చినవు. ఇన్ని నెలలైంది, నాతోని కూసొని ఏడ్చినోళ్లు ఒక్కరు లేరు. నేను ఒక్కదాన్నే బాత్రూముల నల్లా ఇప్పుకొని ఏడుస్తున్న, మానస ఇనొద్దని.

మార్చిల ఇడిసిపెడ్తరంట గద. ఎప్పుడన్న రా, పగలు రా. మీ బావతోని నేను మాట్లాడిన, తలుపు తీసే ఉంటది. తాగినోని ఏడుపు నాకొద్దు. తాగకుండ రా. కొంగు తీసి చెయ్యి నీ ముందట పెడ్త. ఏం చెప్పకు, ధైర్యం చెప్పకు. కూసొని ఏడ్వు.

అక్క